ఉత్తుత్తి ఫిర్యాదు

ఆడబిడ్డ నీలం చొక్కాకి ఇస్త్రీ చేస్తోంది ఆమె. పాపాయి కొంగు పట్టుకుని లాగుతోంది. చొక్కా వీపు మీద ‘యువ నేస్తం’ అని తెల్లటి అక్షరాలు. సెలవురోజుల్లో కాలేజీ పిల్లలు పోలీసు స్టేషన్‌లో పనిచేసే పథకం అది. పిల్లలకి పోలీసులంటే భయం పోవాలట, పోలీసులకి పిల్లలంటే చిరాకు పోవాలట. “మా చెల్లి పోలీసులకే పాఠాలు చెబుతోంది!” అని మురిసిపోతాడు ఆమె భర్త. అదే నోటితో ఆమెని, “నువ్వు వీధి చివరికెళ్తే తప్పిపోతావు, ఎనిమిదో తరగతి బుర్ర,” అంటాడు.

ఇంట్లో ఆమె ఫోను కనబడకుండా పోయినప్పుడూ అదే మాట. “పుట్టింటి సొద తగ్గింది, పోనీ,” అన్నారు అత్తగారు. భర్త మాత్రం ఎంతో ఓపిగ్గా, “వెతుకు, డబ్బాల్లో చూశావా?” అంటూ ఇల్లంతా వెతికించాడు. పాపాయి జ్వరంతో కళ్లు తేలేసిన మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు, పిలవడానికి ఫోను లేదు. పిల్లని భుజాన వేసుకుని, చెప్పుల్లేకుండా ఆసుపత్రికి పరిగెత్తింది. తర్వాత ఒకరోజు గుడ్డ కోసం భర్త బండి సీటు ఎత్తితే, అడుగున, నూనె గుడ్డలో చుట్టి తన ఫోను! మళ్లీ అలాగే చుట్టి పెట్టేసింది. అప్పట్నుంచీ, లేదని తెలిసిన చోటల్లా వెతుకుతూనే ఉంది.

“వదినా, ఇవాళ స్టేషన్‌లో మా నాటకానికో మనిషి తక్కువైంది, నువ్వు రావా? బస్సులో ఫోను పోయిందని ఫిర్యాదు ఇవ్వాలి. ఉత్తుత్తినే. నీకు అలవాటేగా!”

భర్త పకపకా నవ్వాడు. “నోరు పెగిలితే గొప్పే. పదండి, నేను దింపుతా.”

స్టేషన్‌లో ఫినాయిల్ వాసన. గోడకి వరసగా లాఠీలు. ఆమె పాపాయిని భుజానికెత్తుకుని బల్ల ముందు నిలబడింది. ఇవాళ పాత్రలు తారుమారు: కుర్చీలో పోలీసుగా ఆడబిడ్డ, టోపీ చెవుల దాకా జారిపోతూ. ఎస్సై మేడమ్ గోడకి ఆనుకుని నిలబడ్డారు. “ఒకటే నియమం. ఎదుటి మనిషి చెబుతుంటే ఆపకూడదు.”

“ఏం పోయిందమ్మా?” గొంతు బొంగురు చేసి అడిగింది ఆడబిడ్డ. పిల్లలు కిసుక్కుమన్నారు.

“ఫోనండీ.”

“ఎక్కడ?”

బస్సులో అనాలి. పాపాయి నిద్రమత్తులో ఆమె మెడ మీద తల వాల్చింది. జ్వరం లేదు. అయినా ఆ మధ్యాహ్నం కాలిపోయిన ఒళ్లే మళ్లీ తగిలినట్టయింది.

“ఇంట్లో.”

“వదినా, బస్సు కదా...”

“ఆపకూడదన్నానా?” అన్నారు మేడమ్ మెల్లగా.

ఎవరూ నవ్వడం లేదిప్పుడు. కిటికీలోంచి చూస్తే గేటు పక్కన భర్త, కాలూపుతూ. ఇంటికెళ్లాక తలుపు మూసుకుంటుంది. “వెతుకు,” అనే ఆ ఓపిక గొంతు మళ్లీ వినాలి. లేదా ఇంతవరకూ వినని గొంతు. నటించానని నవ్వేస్తే సరిపోతుంది, అందరూ నమ్ముతారు. కాళ్లు వెనక్కి లాగుతున్నాయి. ఆమె పాపాయిని ఇంకా గట్టిగా పొదువుకుంది, కదల్లేదు.

ఆడబిడ్డ టోపీ తీసి బల్ల మీద పెట్టింది. ఈసారి గొంతు మార్చలేదు.

“ఎవరి మీదైనా అనుమానం ఉందా?”

“అనుమానం లేదండీ. బండి సీటు కింద ఉంది. బయట మీ అన్నయ్య దానిమీదే కూర్చున్నారు.”