టార్పాలిన్ బిగించింది ఎవరు

చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే మా ఆయన ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "దివ్యా, ఈ బెంగళూరావిడ 'యూ డ్రాప్డ్ ద బాల్' అంటుందేంటి? మనం పంపింది మొక్కలు కదా!"

నాకు నవ్వాగలేదు. పెళ్ళయి నలభై రోజులు. అత్తారింట్లో అడుగుపెట్టిన రోజు గుమ్మంలో ఆడపడుచులు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితేనే లోపలికి రానిస్తామంటే సిగ్గుతో మూడుసార్లు తడబడ్డాను. కడియంలో ఈ నర్సరీ ఇంట్లో తడిమట్టి వాసనకీ నవ్వే, ఆయన జేబులో దాచి తెచ్చే నందివర్ధనం పువ్వుకీ నవ్వే. ఇంగ్లిష్ మెయిళ్ళన్నీ నావే. "ఎమ్మే చదివిన కోడలుండగా గుమాస్తా ఎందుకూ?" అంటారు అత్తయ్య. అదీ ముద్దుగానే ఉండేది.

"చేతిలోకొచ్చిన బంతిని జారవిడిచారనండీ. చేతకాక ఓడిపోయారని కాదు. మీ బాధ్యతలో ఉన్న పనిని చూసుకోక చెడగొట్టారని."

లారీలో వెళ్ళిన మూడొందల మొక్కలూ ఉడికిపోయాయట.

"అయితే రాసెయ్. మా కూలీ వీరవేణి డ్రాప్డ్ ద బాల్, పనిలోంచి తీసేశాం అని."

చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టేశాను. మొక్కలు లోడెత్తిన రోజు మజ్జిగ ఇవ్వడానికి వెళ్ళి లారీ పక్కనే ఉన్నాను. "గాలాడకపోతే ఆకులు ఉడికిపోతాయండి, టార్పాలిన్ వెనకాల కాస్త వదులుగా కడదామండి," అంది వీరవేణి. "నాకు నేర్పుతావా? బిగించు," అన్నది ఈయనే.

"నిజంగా తీసేశారా?"

"సాయంత్రం చెబుతాలే. ఎవరిదో ఒకరి పేరు ఉండాలి కదా!" నవ్వారు.

ఆ నవ్వు నాకు తెలుసు. పోయిన వారం చుట్టాలొచ్చినప్పుడు స్టవ్ మంట పెంచింది ఆయనే. పాయసం మాడితే "మా ఆవిడ చేతి మహిమ" అని నా బుగ్గ గిల్లి ఇలాగే నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వు రాలేదు. రేపు ఏది మాడినా, ఏది ఉడికినా ఒక పేరు కావాలి. ఈ ఇంట్లో చేతికందే పేరు నాదే.

ఫోను తీసుకుని టైపు చేయడం మొదలుపెట్టాను. కోప్పడితే? మాట్లాడ్డం మానేస్తే? ఇక ఆ పువ్వు తేకపోతే? అన్నిటికన్నా ఆ చివరి భయమే పెద్దదైనందుకు సిగ్గేసింది.

సెండ్ నొక్కాను.

"ఏం రాశావో తెలుగులో చదువు," అన్నారు.

"టార్పాలిన్ బిగించొద్దన్నది వీరవేణి. పక్కనే ఉండి నోరు మెదపనిది నేను. బంతి జారవిడిచింది నా భర్త, పృథ్వీ."

పేరు దగ్గర ఈసారి తడబడలేదు.