చెంచా చప్పుడు

చిన్నక్క ఒక చేత్తో సెలైన్ సీసా మారుస్తూ, రెండో చేత్తో పక్క మంచం మనిషి నుదురు తాకి చూస్తుండగా, వార్డు ఆ చివర స్టీలు గ్లాసు మీద చెంచా మోగింది.

"వస్తున్నానయ్యా, వస్తున్నా! రెక్కలుంటే ఎగిరే వచ్చేదాన్ని!"

రిటైర్మెంటు దగ్గరపడినా ఆమె ఇంకా చిన్నక్కే. ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఈ వార్డులో ఒక పెద్దక్క, ఒక పొడుగక్క, ఒక కోపాలక్క ఉండేవారు. ఒక్కొక్కరే రిటైరై వెళ్ళిపోయారు. వాళ్ళ స్థానాల్లోకి ఎవరూ రాలేదు. కొన్నాళ్ళకి వాళ్ళు కూర్చునే కుర్చీలు కూడా ఆఫీసు గదిలోకి తరలిపోయాయి. పిలుపు గంటల తీగల్ని ఎలుకలు కొరికేసినప్పుడు, మంచానికో గ్లాసు, చెంచా పెట్టించింది చిన్నక్కే. సీసా అయిపోవస్తే రెండు దెబ్బలు, ప్రాణం మీదికొస్తే ఆపకుండా వాయించడం.

కిటికీ పక్క మంచం దర్జీ బాబాయ్‌ది. నిన్ననే కడుపు ఆపరేషన్ అయింది. అంతకుముందు రోజు చిన్నక్క కోటు జేబు చిరిగి వేలాడుతుంటే చూడలేక, సంచిలోంచి సూదీ దారం తీసి, చిరుగు ఎక్కడుందో కనిపెట్టలేనంత సన్నగా కుట్టి ఇచ్చాడు. పొద్దున రౌండ్లో డాక్టరు ఆయన దగ్గర కాసేపు ఆగాడు.

"ఈయన్ని ఇవాళంతా ఒక కంట కనిపెట్టి ఉండాలి సిస్టర్. లోపల రక్తం కారితే పైకి తెలీదు. అరగంటకోసారి నాడీ, బీపీ చూడండి."

"వార్డంతటికీ నేనొక్కదాన్నే సార్."

"తెలుసమ్మా," అన్నాడాయన, తల ఎత్తకుండా. ఆయనా ఇంకో రెండు వార్డులకి పరిగెత్తాలి.

ఆఫీసుకి ఫోన్ చేసింది. "ఈ ఒక్క పూటకి ఇంకో మనిషిని పంపండి సార్."

"ఎక్కడ్నించి తెమ్మంటావమ్మా? ఆకాశం నుంచి ఊడిపడతారా?" అవతల పెద్దమనిషి నవ్వాడు. చిన్నక్కకి ఒళ్ళు మండింది. మండి ఏం లాభం? ఫోన్ పెట్టేసి ఇంజెక్షన్ల ట్రే అందుకుంది.

బాబాయ్ నాడి ఒకసారి చూసింది, బాగానే ఉంది. రెండోసారి చూడబోతుంటే ఎవరికో వాంతి అయింది. అది కడిగేలోపు యాక్సిడెంటు మనిషిని తెచ్చి నేల మీద పడుకోబెట్టారు. మంచం లేదు, పట్టుకునేవాళ్ళు లేరు. ఆ గొడవలో ఉండగా కిటికీ వైపు చెంచా ఆపకుండా మోగింది. చేతిలో ఉన్నది అక్కడే పెట్టేసి పరిగెత్తింది.

"ఏమైంది బాబాయ్?"

"ఏం లేదు తల్లీ. చెయ్యి వణికి చెంచా గ్లాసుకి తగులుతోంది. నిన్ను ఊరికే పరిగెత్తించాను."

కాసేపటికి మళ్ళీ మోగింది. ఈసారి ఒకరి పుండు కట్టు సగంలో వదిలేసి వచ్చింది. మళ్ళీ అదే వణుకు, అదే మాట.

"నాకున్నవి రెండు కాళ్ళే బాబాయ్! నిజంగా అవసరమైతేనే మోగించు. నీకు దణ్ణం పెడతా."

బాబాయ్ ముఖం చిన్నబోయింది. "తప్పయిపోయింది తల్లీ. ఇక మోగదులే. పొద్దుట్నుంచీ నువ్వు మంచినీళ్ళయినా తాగలేదు. పోయి కాస్త తిను."

నిజంగానే ఇక మోగలేదు. మధ్యాహ్నం దాటాక చిన్నక్క స్టూలు మీద కూలబడి అన్నం డబ్బా తెరిచింది. కిటికీ వైపు చూసింది. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు. హమ్మయ్య, నిద్రపట్టింది అనుకుంది. నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, బీపీ మిషన్ పట్టుకుని వెళ్ళింది.

చెయ్యి చల్లగా ఉంది. ఆమె కేకకి డాక్టరు వచ్చాడు. చెయ్యాల్సిందంతా చేశాడు, ప్రాణం దక్కలేదు.

"చివరిసారి ఎప్పుడు చూశారు?" మెల్లగానే అడిగాడు.

లోపల రక్తం కారుతున్నా చెయ్యి అలా వణకొచ్చు. ఆ సంగతి నిన్నగాక మొన్న నర్సింగు చదువులో చేరిన పిల్లకైనా తెలుసు. చిన్నక్క ఎందరికో నేర్పింది. అలాంటిది, రెండుసార్లు పిలుపు వస్తే రెండుసార్లూ నాడి పట్టకుండా విసుక్కుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆయన భార్య ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. "పడుకున్నారా? లేపకమ్మా, రాత్రంతా కంటి మీద కునుకు లేదు."

"పిన్నీ..." అని చిన్నక్క ఆమెని గట్టిగా పట్టుకుని భోరుమంది. ఎవరు ఎవర్ని ఓదారుస్తున్నారో చూసేవాళ్ళకి తెలియలేదు.

బాబాయ్‌ని తీసుకెళ్ళారు. నేల మీది యాక్సిడెంటు మనిషికి ఆ మంచం కావాలి. పాత దుప్పటి మారుద్దామని చిన్నక్క దిండు ఎత్తింది. కింద చెంచా ఉంది. చప్పుడు రాకుండా దాని చుట్టూ కట్టు కట్టే గుడ్డ ముక్క చుట్టి కుట్టాడు బాబాయ్. మొదటి కుట్లు సన్నగా, వరసగా ఉన్నాయి. పోనుపోను వంకర్లు తిరిగాయి. చివరి కుట్టు దగ్గర, తెంపని దారానికి సూది ఇంకా వేలాడుతోంది.