చలవకని పెట్టిన వెన్నపూస

చలవకే కదా పెట్టింది, ఆ వెన్నపూస చలవకే కదా, అనుకుంటా చెన్నమ్మ మొగుడి పక్కన కడప బస్సులో కూచోనుంది, కర్నూలు బస్టాండు ఎండ రేకుల మీంచి లోపలికి దిగుతోంది, ఆసుపత్రిలోంచి చెప్పాపెట్టకుండా లేచొచ్చిన మునిరత్నం కిటికీ వైపు తిరిగినాడు, ఆపరేషనూ వద్దు ఏమీ వద్దు, మైదుకూరు పోదాం పా, అన్నాడు, పొట్ట ఊపిరికి పైకీ కిందికీ ఆడుతోంది, పెండ్లయిన నాటి నుంచీ ఆమె చేతి అన్నం తిని పెరిగిన పొట్ట, పసుపు మండీలో పరుపు మీద కూచుంటే ముందు అదే కనపడేది, ఏం శెట్టీ, పొట్ట వచ్చి కూచుండాది, నువ్వెప్పుడొస్తావు, అని రైతులు ఎగతాళి చేసేవాళ్లు, చెన్నమ్మ వంటప్పా ఇది, అని ఆయన తట్టి చూపేవాడు, వెనక వంటింట్లో ఆమె ఆ మాట విని మురిసిపోయేది, దొడ్డికి పోతే నెత్తురు పడుతోందే అని పోయిన ఎండల్లో ఆయనే చెప్పినాడు, సిగ్గుతో గోడ వైపు చూసి చెప్పినాడు, వేడి చేసింటాదిలేయ్యా అనింది తను, ఈ సీమలో ఏదొచ్చినా ముందు వేడే కదా, రోజూ పొద్దున్నే వెన్నపూస ముద్ద, పెరుగన్నం మీద మీగడ, నెత్తురు ఒకనాడు ఆగేది, చూసినావా అనేది, ఇంకోనాడు పడేది, ముద్ద ఇంకొంచెం పెద్దది చేసేది, మనిషి మెడ దగ్గర సన్నబడింది చూసి కూడా.

పొట్ట కొవ్వు ఊరికే పడుండే మూట కాదమ్మా, అనింది నిన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ, అదే హార్మోన్లు తయారుచేసి నెత్తుట్లోకి వదుల్తాది, లెప్టిన్ అనేది ఎక్కువైతే పేగులో చెడ్డ కణాలను ఎగదోస్తాదంటారు, కాపు కాసే అడిపోనెక్టిన్ అనేది పొట్ట పెరిగేకొద్దీ తగ్గిపోతాది, అంటే కాపలావాణ్ణి చేతులారా తనే తరిమేసిందా, నా వెన్నపూసేనా తల్లీ అంటే, ఏదో ఒక్కదానివల్లే అని చెప్పలేమమ్మా, వయసుంటాది, వంశముంటాది, క్యాన్సర్ గడ్డ పెద్దపేగు చివర ఉండాది, కాలేయానికి ఇంకా పాకలేదు, ఇప్పుడు తీసేస్తే ఆశ ఉండాది, ఆలస్యం చేస్తే నేను చెప్పలేను, అనింది, ఆ తల్లి అన్ని మాటలు చెప్తే చెన్నమ్మ ఒక్క కొవ్వు మాటనే కొంగున ముడేసుకొని వచ్చింది.

డ్రైవరెక్కినాడు, ఇంజను కొట్టుకుంటోంది, దిగయ్యా నీకు దండం పెడతా, అంటే, ఏందే దిగేది, పొట్టకు బొక్క పెట్టి దొడ్డికి సంచి తగిలిస్తారంట, దాన్ని కట్టుకొని మండీలో కూచోవాల్నా నేను, అన్నాడు, పాపం నాదయ్యా, పెట్టింది నేను, నన్ను తిట్టు, రెండు దెబ్బలు కొట్టు, దిగు, అనింది, నిన్నెవురడిగినారే ఆ సంగతి, ఎప్పుడు చూడు నీ గోల నీదే, అని కసిరినాడు, బస్సు కొంచెం వెనక్కి కదిలింది, అప్పుడు, ఎవరికీ వినపడకుండా, కంపు కొడతాదంట గదే, అన్నాడు, అని మొదటిసారి ఆమె మొగంలోకి చూసినాడు, నా పాపమే అని మళ్లీ నోటిదాకా వచ్చింది, ఆగిపోయింది, ఇన్ని దినాలూ తన తప్పు తను తవ్వుకుంటా ఈ మనిషి కండ్లలోకి చూడనే లేదు, ఎవరివల్ల వచ్చిందని ఆయన ఒక్కనాడూ అడగలేదు, చావు గురించి కూడా అడగలేదు, ఆ సంచితో బతికొస్తే నువ్వు నా పక్కన పండుకుంటావా అని, అదొక్కటే అడుగుతున్నాడు.