ఇల్లరికపు జీవి

మా మరదలు తన ప్రయోగశాలలో పెంచే పరాన్నజీవికి నా బిరుదు తగిలించింది: ఇల్లరికం.

"ఒకే కణమున్న ప్రాణి, బావా. మకాం ఇంకొకళ్ల పేగులో. తిండి వాళ్లది, వెచ్చదనం వాళ్లది. అచ్చం నువ్వే!"

పెళ్లయిన నాటినుంచీ నాది అత్తవారిల్లే. భార్య పోయాక కూడా ఎవరూ నన్ను వెళ్లమనలేదు. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు మరదలికి చేతిసాయం చేస్తున్నాను.

"పాపం, అది ఏ పనీ చెయ్యదా?" అన్నాను.

"ఒక్కటి చేస్తుంది. మన కణాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియా ఉంటాయి చూడు, ఇది వాటి పనులు దాదాపు అన్నీ వదిలించుకుని చిన్న తునక మిగుల్చుకుంది. అందులో ఇనుమూ గంధకమూ కలిపి బుల్లి ముద్దలు కడుతుంది. అవి లేకపోతే దాని ప్రొటీన్లు కొన్ని పనిచెయ్యవు. నువ్వు పొద్దున్నే కాఫీ పెట్టినట్టు!"

కట్టిన ముద్దను ముందు ఒక ప్రొటీన్ పట్టుకుని ఉండి, తర్వాత అవసరమైనదానికి అందిస్తుంది. ముద్ద ఉన్నంతసేపూ ఆ ప్రొటీన్ కలిపిన ద్రావణం గోధుమరంగులో ఉంటుంది. ఆక్సిజన్ తగిలితే ముద్ద చెదిరి రంగు వెలిసిపోతుంది. అందుకే నత్రజని నింపిన గాజుపెట్టెలో, దానికే బిగించిన రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి పనిచేస్తాం.

ఒకరోజు సాయంత్రం ఆ రంగును కొలిచే యంత్రం వాడుకునే వంతు మా మరదలిది. అది తప్పితే మళ్లీ వంతు వచ్చేసరికి ఆమె పరిశోధన గడువే తీరిపోతుంది.

ఆరోజు మధ్యాహ్నం, ద్రావణమున్న గొట్టం మూత బిగించబోతుంటే నా ఉంగరం తొడుగును కొరికింది. చిల్లు కనిపెట్టేలోపే ద్రావణం నీళ్లలా వెలిసిపోయింది.

"చూశావా! అక్క తొడిగిన ఉంగరం కక్ష తీర్చుకుంది," అంది మరదలు. "చిన్నప్పుడు అక్క దువ్వెన విరగ్గొట్టాను."

నాకు నవ్వు రాలేదు. ఉంగరం లాగితే వేలి కణుపు దగ్గర ఇరుక్కుంది.

"సబ్బు రాసి తీసేస్తాను."

"ఆ కుస్తీ తర్వాత పడుదువుగాని. ముందు చిల్లుకు టేపు వెయ్యి. పోయింది ముద్ద, ప్రొటీన్ కాదు. మళ్లీ కట్టిద్దాం."

పెట్టెలో మళ్లీ నత్రజని నింపాం. ఆక్సిజన్ ముల్లు సున్నాకు దిగాక ఆమె గొట్టంలో ఇనుమూ, గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లమూ వేసింది. ఆ సిస్టీన్‌నుంచి గంధకాన్ని ఊడబెరికే పరాన్నజీవి ఎంజైమును కూడా కలిపింది. నేను చేసేదేమీ లేక బయటికెళ్లి కాఫీ పెట్టుకొచ్చాను.

"బావా, ఇల్లరికం పనిలోకి దిగింది!"

గొట్టంలో పలచటి టీ రంగు. చూస్తుండగానే చిక్కబడి గోధుమరంగైంది.

మూత బిగించాలి. నేను వెనక్కి తగ్గాను. ఆమె నా చెయ్యి లాక్కుని ఉంగరం మీదుగా మెత్తటి కట్టు చుట్టింది.

"తీసేస్తానన్నానుగా," అన్నాను.

"అది తీసేస్తే నిన్ను ఇంట్లో ఎందుకు ఉంచుకోవాలట?"

"కాఫీకి."

"చల్లారిపోయింది, వెళ్లి వేడిచెయ్యి. ఆగాగు, ముందు మూత బిగించు."

బిగించాను. గొట్టం గోధుమరంగుతోనే యంత్రం దాకా వెళ్లింది.