నాలుగో కవరు

కొండయ్య వేలిముద్రల ప్యాడు మూత తీసి ఎండిన గుడ్డ మీద సిరా చుక్కలు వేస్తున్నాడు. ఒక చుక్క వేసి, అది ఇంకేదాకా ఆగి, ఇంకో చుక్క. సిరా ఎక్కువైతే ముద్ర అలుక్కుపోతుంది, తక్కువైతే గీతలు పడవు. ఆఖరున తన బొటనవేలు ఆనించి చూసుకుని, ఆ వేలు తలకు రాసుకున్నాడు. ఆరేళ్లుగా అలా రాసుకోవడం వల్ల చెవి పైన నెరిసిన జుట్టులో ఒక నీలం పాయ మిగిలిపోయింది. కాలేజీ కుర్రాళ్లు దాన్ని చూసి నవ్వుకునేవారు. కొండయ్యకూ ఆ సంగతి తెలుసు. నవ్వుకోనీ, మన సొమ్మేం పోయింది అనుకునేవాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. యుద్ధం అయిపోయాక కాలేజీవాళ్లు వేలంలో కొనిచ్చిన మిలిటరీ ఖాకీ కోటు అతని ఒంటి మీద ఒక భుజం పైకీ ఒక భుజం కిందికీ వేలాడుతుంది. అది కుట్టించుకున్న సోల్జరు ఎవడో కొండయ్యకు రెండింతలుంటాడు. ఎడమ మోకాలు సరిగా వంగదు. కుర్రతనంలో గడకు కట్టిన చిక్కంతో మామిడికాయ కోస్తూ కొమ్మ విరిగి పడ్డాడు. ఆ మోకాలితోనే నూజివీడు చుట్టూ ఉన్న తోటలన్నీ తిరిగాడు, ఆ మోకాలితోనే భార్యను మోసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. ఆవిడ దక్కలేదు. పిల్లలు లేరు.

కాలేజీ కట్టించిన మామిడి వర్తకుడు తోట స్థలంతో పాటు తోట కాపలావాణ్ణి కూడా దానం చేసేశాడు. కొండయ్యను ఎవరూ అడగలేదు. మొన్నటిదాకా పక్షుల్ని తోలినవాడు ఇవాళ గంట కొట్టాలన్నారు. నరకకుండా మిగిలిన ఒక్క మామిడి చెట్టుకు రైలు పట్టా ముక్క వేలాడదీసి, అది గంట అన్నారు. అప్పట్నుంచీ కొడుతూనే ఉన్నాడు.

"ఇవాళ నాలుగే కొండయ్యా," అన్నాడు హెడ్ గుమాస్తా నారాయణరావు, కిటికీలోంచి కవర్లు అందిస్తూ. "మూడు ఊళ్ళోవే. ముందు అవి ఇచ్చెయ్యి. పెద్దవాళ్లు, ఆలస్యమైతే మాటొస్తుంది. నాలుగోది ఆ తోట రాములు కొడుకుది. ఇంగ్లీషులో నాలుగు మార్కుల్లో తప్పాడు. అది సాయంత్రం చూసుకో."

"సాయంత్రం ఇస్తే రాములు ఇయ్యాల రాలేడు కదండీ."

"రాలేకపోతే మనం ఏం చేస్తాం? రిజిస్టరు ఐదింటికి కట్టేస్తాను. ప్రిన్సిపాలు గారు ఐదుంపావు బస్సుకి వెళ్తున్నారు. లిస్టు ఆయనే స్వయంగా యూనివర్సిటీకి పట్టుకెళ్తారు."

"చిత్తం," అన్నాడు కొండయ్య.

మార్చిలో యూనివర్సిటీ పరీక్షలు. దానికి ముందే కాలేజీవాళ్లు సెలక్షను పరీక్ష ఒకటి పెడతారు. అందులో తప్పినవాణ్ణి యూనివర్సిటీ పరీక్షకు పంపరు. పంపితే అక్కడా తప్పుతాడు, వాడు తప్పితే కాలేజీ శాతం పడిపోతుంది, శాతం పడిపోతే యూనివర్సిటీవారు గుర్తింపు పొడిగించరు. అందుకని పాసయ్యేవాళ్లనే ఏరి పంపి, ఇంతమంది పాసయ్యారహో అని ప్రతి ఏడూ వార్షికోత్సవంలో చదువుతారు. చదివినప్పుడల్లా చప్పట్లు కొడతారు. కొండయ్య కూడా వెనక నిలబడి కొట్టేవాడు.

ఒక్క వెసులుబాటు ఉంది. ఐదు మార్కుల లోపు తగ్గితే, తండ్రి స్వయంగా వచ్చి ప్రిన్సిపాలు ఎదుట పూచీ కాగితం మీద సంతకమో వేలిముద్రో వేస్తే పేరు మళ్ళీ ఎక్కిస్తారు. ఆ సంగతి, తప్పినవాడి తండ్రికి పంపే ఈ కవర్లో అడుగున, సన్నటి అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంటుంది. చదవగలిగినవాళ్లు ఆ పూటే వస్తారు. చదవలేనివాళ్లకు కొండయ్య డెలివరీ పుస్తకంలో వేలిముద్ర వేయించుకుని, నోటితో చెప్పి వస్తాడు. ఆలోగా పొద్దు వాలిపోతుంది.

ఖాకీ సంచిలో కవర్లు, పుస్తకం, ప్యాడు పెట్టుకుని, గొడుగు చంకన పెట్టి బయల్దేరాడు. బజారు మొగలో కుడివైపు తిరిగితే ఊళ్ళో ఆ మూడు ఇళ్లూ వస్తాయి. కొండయ్య తిరగలేదు. ఆరేళ్లలో చెప్పిన పని చెప్పినట్టు చేయకపోవడం ఇదే మొదలు. వెనక్కి చూడకుండా ఆగిరిపల్లి రోడ్డు పట్టాడు. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. రాములు ఉండే పాలెం ఏడు మైళ్లు.

తోటలన్నీ పూత మీద ఉన్నాయి. ఆ ఏడు పూత విరగబూసింది, కానీ తేనెమంచు పురుగు పట్టింది. ఆకుల మీద బంక కారి నల్లబడుతోంది. కింద నడుస్తుంటే చెప్పులు నేలకు అతుక్కుని చప్పుడు చేస్తున్నాయి. ఇందులో పిందె నిలిచేది ఎంత అని చూసి చెప్పగలడు కొండయ్య. ఇవాళ చూడబుద్ధి కాలేదు. అతని బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. పదిన్నరకు పాలెం చేరాలి. రాములుకు చెప్పాలి. నాలుగున్నరకు వాడు ఆఫీసు కిటికీ ముందు ఉండాలి. అంతే.

ఎందుకంటే పోయిన ఏడు విస్సన్నపేటలో జరిగింది ఇంకా అతని కళ్లలోంచి పోలేదు. భారతమ్మ గారని ఒక వితంతువు. కొడుకు కృష్ణమూర్తి. ఆవిడ ఇంట్లో లేదని కవరు కుర్రాడి చేతికే ఇచ్చాడు. కుర్రాడు నిలబడే చదివాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఎండనపడి వచ్చావు, కూర్చో కొండయ్యా," అని లోపలికి వెళ్ళి చెంబుతో మజ్జిగ తెచ్చి పోశాడు. కొండయ్య రెండు గ్లాసులు తాగాడు. ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగాడు కుర్రాడు. మర్నాడు పొద్దున పొలం బావిలో తేలాడు. ఆ ఏడు కాలేజీ శాతం ఎనభై ఏడు. కృష్ణమూర్తి పేరు అందులో ఎక్కడా లేదు. పరీక్షకు పంపనివాడు తప్పినట్టు లెక్క కాదు. చచ్చిపోయినా లెక్క కాదు.

ఆ మజ్జిగ రుచి ఇప్పటికీ గొంతులో ఉంది. దాన్ని మింగలేడు, ఉమ్మలేడు.

రాములు కొడుకు ఈ గంగరాజును కాలేజీకి తెచ్చింది కూడా కొండయ్యే. వాడి చేతికి చిక్కం ఇవ్వకు రాములూ, నాలా మోకాలు విరగ్గొట్టుకుంటాడు, అని రెండేళ్ల కిందట తోటలో గంటసేపు బతిమాలాడు. రాములు మెత్తని మనిషి. సరేనన్నాడు.

పాలెం చేరేసరికి ఎడమ రొమ్ము కింద ఏదో బరువు పెట్టినట్టుంది. ఎండ అనుకున్నాడు. రాములు గుడిసె ముందు అతని భార్య దుర్గ చేటలో ఉలవలు చెరుగుతోంది. తాటాకు గోడ అవతల గంగరాజు ఇంగ్లీషు పాఠం పైకి చదువుతున్నాడు. అదే వాక్యం మళ్ళీ మళ్ళీ చదువుతున్నాడు, గొంతు బొంగురుపోయింది.

"రా మావయ్యా. ఇంత ఎండలో వచ్చావేంటి?" అంది దుర్గ చేట దింపి.

"రాములు లేడా?"

"తోటలో పొగ పెడతన్నారంట, పురుక్కి. అవతల రెండు మైళ్లు. తెల్లారకముందే ఎల్లాడు. ఏంటి మావయ్యా, ఆడి సదువు సంగతేనా?"

లోపల చదువు ఆగిపోయింది.

ఆ ఆగిపోవడం కొండయ్య విన్నాడు. చెయ్యి సంచిలోకి పోయింది, కవరు అంచు తగిలింది, చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఇద్దరి మధ్యా తాటాకు గోడ తప్ప ఏమీ లేదు. ఎంత నెమ్మదిగా చెప్పినా వాడికి వినిపిస్తుంది.

"రాములుతో పనుందమ్మా. మంచి కబురే," అన్నాడు.

దుర్గ ముఖం విప్పారింది. "ఒరే గంగా, తాతకి మజ్జిగియ్యరా," అని కేకేసింది.

గంగరాజు వంగి గుమ్మంలోంచి వచ్చాడు. చేతిలో చెంబు. కళ్లు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. "కూర్చో తాతా, ఎండనపడి వచ్చావు," అన్నాడు.

కొండయ్య చెంబు వంక చూశాడు, కుర్రాడి వంక చూశాడు. వద్దు నాయనా, వద్దు అంటూ వెనక్కి నడిచి, గొడుగు తీసుకోవడం కూడా మరిచి రోడ్డెక్కాడు. చెంబు పట్టుకుని కుర్రాడు చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ ఇంటిని కాపాడాననే అనుకున్నాడు కొండయ్య. మిగిలిన రెండు మైళ్లూ అదే అనుకుంటూ నడిచాడు.

తోట మొదట్లోకి వచ్చేసరికి పొగ కనిపించింది. పచ్చి ఆకు వేసి రాజేసిన పొగ చెట్ల కింద తెల్లగా పాకుతోంది. దాని అవతల మనుషుల మాటలు. అందులో రాములు గొంతు కూడా ఉంది, ఎవరినో ఆకు తెమ్మంటున్నాడు. మహా అయితే రెండు వందల గజాలు. కొండయ్య పిలిచాడు. పిలిచాననుకున్నాడు గానీ శబ్దం రాలేదు. కాస్త కూర్చుని వెళ్దాం, ఇంకా మధ్యాహ్నమే కదా అనుకుని, ఒక చెట్టు మొదట్లో ఎడమ కాలు చాపుకుని కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. పూత రాలి కోటు మీద, జుట్టులోని నీలం పాయ మీద పడుతోంది. దాన్ని దులుపుకోలేదు.

అన్నాలవేళకు వచ్చినవాళ్లు చూశారు. నిద్రపోతున్నాడనుకుని రాములు భుజం తట్టాడు.

బండి కట్టి, గడ్డి పరిచి, కొండయ్యను పడుకోబెట్టారు. పాలెం దగ్గర దుర్గ ఎదురొచ్చి ఏడ్చింది. "నీతో పనుందని వచ్చాడు. మంచి కబురేనన్నాడు," అంది మొగుడితో. గంగరాజు ఆ మరిచిపోయిన గొడుగు తెచ్చి, బండిలో కూర్చుని, శవం ముఖానికి ఎండ తగలకుండా పట్టాడు. సంచి రాములు ఒళ్ళో ఉంది.

"నాన్నా, ఆ కబురేంటో అందులో ఉంటుందేమో, చూడనా?" అన్నాడు గంగరాజు సగం దారిలో.

"కాలేజీ సంచిరా. మనం తెరవకూడదు. పద్ధతిగా ఆఫీసులోనే ఇచ్చేద్దాం," అన్నాడు రాములు. సంచిని రెండు చేతులతో ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. లోపలి కవరు మీద తన పేరే ఉంది.

బండి కాలేజీ ఆవరణలోకి వచ్చేసరికి నాలుగూ నలభై. ఆవరణలోనే ఉన్న కొండయ్య పాకలో అతన్ని దింపి, కొడుకును అక్కడ ఉంచి, రాములు ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చాడు. తలపాగా తీసి చంకన పెట్టుకున్నాడు. లోపల నారాయణరావు తల వంచి రిజిస్టరు రాస్తున్నాడు. ఊళ్ళో మూడు పేర్లూ పొద్దున్నే ఎక్కాయి. కవర్లతో పని లేకుండానే ఆ తండ్రులకు ఎలా తెలియాలో అలా తెలిసింది, పదింటికల్లా వచ్చి సంతకాలు పెట్టి వెళ్లారు.

"అయ్యగారండీ," అన్నాడు రాములు.

"ఆగు. రాస్తున్నాను, కనపడటంలా?"

రాములు ఆగాడు. పెద్దవాళ్లు రాసుకుంటున్నప్పుడు ఆగడం అతనికి పుట్టినప్పట్నుంచీ అలవాటు. మామిడి చెట్టుకు వేలాడుతున్న పట్టా ముక్క వంక చూస్తూ నిలబడ్డాడు. ఐదయింది. గంట మోగలేదు. నారాయణరావు గోడ గడియారం చూసి, కొండయ్య గాడు ఇంకా రాలేదేంటని గొణుక్కుని, రిజిస్టరు మూసి లిస్టుకు లక్క సీలు వేశాడు. ప్రిన్సిపాలు గారు దాన్ని సంచిలో పెట్టుకుని బస్సుకు వెళ్ళిపోయారు, రాములు పక్కనుంచే.

"ఇప్పుడు చెప్పు, ఏంటి?"

రాములు కొండయ్య పోయిన సంగతి చెప్పి సంచి అందించాడు. నారాయణరావు కలం కింద పెట్టాడు. చెడ్డవాడేం కాదు. సంచిలోంచి మూడు కవర్లు తీసి పక్కన పెట్టి, నాలుగోది చేతిలో పట్టుకుని, "నీ పేరేంటన్నావు?" అని అడిగాడు.

చెప్పాడు.

అప్పుడు నారాయణరావు అంతా చెప్పాడు. నాలుగు మార్కులు. పూచీ కాగితం. ఐదు గంటలు. చెబుతూ చెబుతూ, నువ్వెప్పుడొచ్చావని అడగబోయి మానేశాడు.

"ఇప్పుడేస్తానండీ," అన్నాడు రాములు. సంచిలోంచి బయటపడ్డ ప్యాడు కిటికీ గట్టు మీద ఉంది. మూత తీసి బొటనవేలు గట్టిగా ఆనించాడు. నీలం సిరా గోరు చుట్టూ పైకొచ్చింది. ఆ వేలు చాపి పట్టుకుని నిలబడ్డాడు. "కాయితం ఇయ్యండయ్యా. వచ్చానుగదండీ."

నారాయణరావు దగ్గర ఇక ఇవ్వడానికి కాగితం లేదు, లిస్టు బస్సెక్కిపోయింది.

వేలు అలాగే చాపుకుని రాములు పాకవైపు నడిచాడు, కొడుక్కి చెప్పడానికి. తోవలో దాన్ని ఎక్కడ తుడుచుకోవాలో అతనికి తోచలేదు.

ఆ ఏడు కాలేజీ నలభై ఒక్కమందిని పంపితే ముప్పై ఎనిమిదిమంది పాసయ్యారు. యూనివర్సిటీ వార్షిక నివేదికలో ఈ కాలేజీ ప్రగతి మెచ్చుకోదగ్గదని ఒక వాక్యం పడింది. వార్షికోత్సవంలో దాన్ని రెండుసార్లు చదివారు. ఆ వేసవిలో గంగరాజు రెడ్డిగూడెం వైపు తోటల్లో చిక్కంతో కాయ కోశాడు. కొండయ్య స్థానంలోకి వచ్చిన కొత్త మనిషికి సంచీ, కోటూ, గొడుగూ ఇచ్చారు. ప్యాడు మాత్రం ఎవరూ తీయలేదు. ఆఫీసు కిటికీ గట్టు మీద మూత తెరిచే ఉంది. సిరా ఎండి బిరుసెక్కిన గుడ్డ మధ్యలో ఒక బొటనవేలు పట్టేంత గుంట.