రేకుల మీద తాటాకు

ఒక మనిషి చేసిన పనికి బదులు పని చెయ్యాల్సి ఉండి, ఆ మనిషికి ఆ పనితోనే అవసరం లేకుండా పోతే, ఆ బాకీ ఎట్లా తీరుతుంది? ఈ సందేహం నాకు చాలా ఏళ్లు ఉండేది. పెదకాకానిలో శివుడికి దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది. ఒకసారి మా పురోహితులు శేషాచలం గారిని అడిగాను.

"శాస్త్రంలో దేవఋణం, ఋషిఋణం, పితృఋణం ఉన్నాయి గానీ తాటాకు ఋణం లేదయ్యా," అని నవ్వారు.

మా ఊళ్లో తాటాకుతో ఇల్లు కప్పడం బదులు పని. వాళ్లింటికి మనం వెళితే, మనింటికి వాళ్లు వస్తారు. నేను విషజ్వరంతో పడి ఉన్న ఏడాది మబ్బులు ముందే కమ్ముకొచ్చాయి. పక్కింటి యలమందయ్య ఒక్కడే ఎక్కి మా ఇల్లు కప్పాడు. మరుసటి వేసవికి నేను వెళ్లాలి. ఈలోగా అతనికి మిరప కలిసొచ్చి, గుంటూరు నుంచి జింకు రేకులు దించాడు. ముందు పంచకు కూడా రేకులే. రోడ్డు మీదికి తళతళా మెరిసేవి.

"నీ బాకీ ఇంక వచ్చే జన్మకే బావా," అనేవాడు.

ఎనభై ఆరు రోహిణీ కార్తెలో అతని కూతురు కోటిరత్నం పురిటికి వచ్చి, బాలింతగా ఉంది. మధ్యాహ్నానికి రేకుల కింద ఇల్లు బట్టీలా కాగేది. కరెంటు ఉన్నప్పుడు ఫ్యాను కూడా వేడిగాలే కొట్టేది. పసిబిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, రొమ్ము పట్టడం మానేసింది. డాక్టరు చల్లటి చోట ఉంచమన్నాడు. మాది పూరిల్లే కదా, తెచ్చుకోండి అన్నాను. నెల వెళ్లందే బిడ్డను గడప దాటించకూడదని యలమందయ్య భార్య కొండమ్మ పట్టుబట్టింది. ఆ ఆచారం ఎవరు పెట్టారో గానీ, రేకులు రాకముందు పెట్టి ఉంటారు.

అయితే రేకుల మీద తాటాకు కప్పుతానన్నాను.

"పట్టుచీర మీద గోనెపట్టా చుట్టినట్టుంటది. ఊరు నవ్వుద్ది," అన్నాడు యలమందయ్య.

"నవ్వనీ. బిడ్డకి పాలు దిగాలిగా."

"నువ్వెక్కుతావా? నీ మోకాళ్లకి అరుగెక్కడమే గొప్ప."

లోపలి నుంచి కొండమ్మ అంది: "ఆయన మోకాళ్ల సంగతి తర్వాత. నిచ్చెన నువ్వు తెస్తావా, నన్ను తెమ్మంటావా?"

అతను నిచ్చెన తెచ్చాడు.

మర్నాడు రేకులు కాలకముందే మొదలుపెట్టాం. వయసులో కబుర్లు చెప్పుకుంటూ చేసిన పని. ఇప్పుడు ఆకు ఆకుకూ శివా శివా అనుకోవాల్సి వచ్చింది. అతను కింద నుంచి అందిస్తుంటే నేను పరిచి, గాలికి లేవకుండా పైన వెదురు బద్దలు వేసి, తాళ్లతో చూరు కింది వాసాలకు బిగించాను. దారిన పోయేవాళ్లు నిజంగానే నవ్వారు.

"ఏం బాబాయ్, రేకులకి చలేస్తందా?" అన్నాడొకడు.

యలమందయ్య ఆకు అందిస్తూనే ఉన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి దిగి పంచలో కూలబడ్డాను. లోపల వేడి పూర్తిగా పోలేదు. మనిషి నిలవగలిగేంతకు తగ్గింది. చాలాసేపటికి కొండమ్మ తలుపు దగ్గరకొచ్చి, "పట్టింది," అంది నెమ్మదిగా. బిడ్డ పాలు తాగుతోంది.

ఇల్లు కప్పినవాళ్లకి ఇంటాయన తన చేత్తో అన్నం పెట్టాలి. యలమందయ్య విస్తరి వేసి, చల్దన్నంలో మజ్జిగ పోసి, పక్కన ఊరమిరపకాయ పెట్టాడు.

"తిను బావా," అన్నాడు. "ఇంక నువ్వు నాకు ఇయ్యాల్సిందేం లేదు."