కిరాయి బండిలో వంటిల్లు

కుక్కర్‌ను అట్టపెట్టెలోంచి తీసి అనుపమ మళ్లీ అలమారలో పెట్టింది. ఇది రెండోసారి. భర్త తిరుమల్ వచ్చి, ఏమీ జరగనట్టు, దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టాడు.

"గిది లేకుంటే అన్నం ఎట్ల వండుతవే?" అన్నాడు, ఆమెదేదో మతిమరుపైనట్టు.

బడిలో పది రోజులుగా పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది ఆమె మెడ పట్టేసింది. మంచం మీద కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు, లేస్తే కూర్చోవడానికి తీరిక దొరకడం లేదు.

నెల కిందట ఈ ప్రయాణం మాట ఎత్తింది తిరుమలే. లోపలే మంచాలు, స్నానాల గది ఉన్న పెద్ద బండిని డ్రైవరుతో సహా కిరాయికి ఇస్తారట. హంపి, బాదామి చూసి రావచ్చు, నాలుగు రోజులు. అప్పుడు అనుపమ అడిగింది ఒక్కటే.

"నాలుగు రోజులు నేను పొయ్యి ముట్టను. ఎక్కడ ఆకలైతే అక్కడ హోటల్ల తిందాం. గట్లయితేనే వస్త."

"నీకెందుకే వంట? రాణి లెక్క కిటికీ కాడ కూసో" అన్నాడతను.

పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె పొయ్యి వెలిగించని రోజులంటే కూతురు నీహారిక పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఉన్న రోజులే. అందుకే ఆ ఒక్క మాటను కొంగున ముడేసుకుని నెలంతా తిరిగింది. ఎవరో వండుతారు, ఎవరో వడ్డిస్తారు, తాను తిని ఎంగిలి పళ్లెం అక్కడే వదిలేసి చెయ్యి కడుక్కుంటుంది. ఆమెకు హంపి అంటే అంతే. రాతిరథం సంగతి తర్వాత.

వారం కిందట బండి ఓనరు ఫోటోలు పంపాడు. తిరుమల్ వాటిని పెద్దవి చేసి చూస్తూ అరిచాడు. "అరే, దీంట్ల కిచెన్ సుత ఉందే!"

అంతే, ఆమె సెలవు ఆ క్షణమే ముగిసింది. బయటి నూనె తనకు పడదంది అత్త దేవమ్మ. అడవి మధ్యలో బండి ఆపి నూడుల్స్ చేసుకుందామంది నీహారిక. "ఉన్నదాన్ని వాడకుంటే ఎట్ల? కిరాయి ఇస్తలేమా?" అన్నాడు తిరుమల్. నెల కిందటి మాట గుర్తుచేస్తే, "నేను సాయం జేస్త గదా" అన్నాడు. అతని సాయం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఉల్లిగడ్డ కోసి కత్తి ఎక్కడ పెట్టాలని అడుగుతాడు.

జొన్నపిండి, రొట్టెల పెనం, పోపుల డబ్బా, చింతపండు, మామిడికాయ తొక్కు, పప్పులు, పెద్ద గంటె, చిన్న గంటె. చివర్న దేవమ్మ చిన్న రోలును గుమ్మం దాకా దొర్లించుకొచ్చింది.

"అత్తమ్మా, రోలెందుకు?"

"మిక్సీల తొక్కు నూరితే మట్టి లెక్క ఉంటదే."

"మనం పోయేది తిరగనీకి."

"తిరిగొచ్చినంక తినవా?"

శుక్రవారం మధ్యాహ్నం బండి వాళ్లుండే నేరేడ్‌మెట్ చేరింది. సందులోకి తిరగలేక మలుపులో కిరాణా కొట్టు ముందు ఆగింది. అక్కడిదాకా సామానంతా మోయాలి. అనుపమ నాలుగో పెట్టె ఎత్తుకుని పోతుంటే కిరాణా కొట్టు సుబ్బులు అరుగు మీంచి పలకరించింది.

"ఏందనుపమా, ఇల్లు ఖాళీ చేస్తున్నరా?"

"లేదక్కా, ఊరు జూడనీకి పోతున్నం."

"గిన్ని గిన్నెలతోనా? ఊరోళ్లకు బువ్వ వెడ్తరా ఏంది?"

అనుపమ నవ్వబోయింది గానీ నవ్వుకు కూడా ఓపిక కావాలి.

బండి లోపలి వంటిల్లు బట్టల బీరువా అంత ఉంది. చేతులు కడిగే తొట్టికీ తలుపుకీ మధ్య నిలబడితే తిరగడానికి లేదు. ఇంట్లో వంటగదిలో కనీసం వీపు గోక్కునే జాగా ఉంటుంది. ఆ ఇరుకులో వంగి డబ్బాలు సర్దుతూ ఆమె లెక్క వేసుకుంది. రేపు పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, రాత్రి రొట్టె. ఎల్లుండీ అదే. కిటికీలోంచి హంపి పోతుంటే తాను రొట్టె తిప్పుతూ ఉంటుంది.

దేవమ్మ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయింది. లోపలి మంచాలనూ తొట్టినీ పొయ్యినీ వరుసగా చూసింది.

"తిరుమలా, గిది ఇల్లే గదరా! పండుకుంటం, వండుకుంటం. పాలు పొంగియ్యకుంట ఎట్ల అడుగువెడ్తం?"

"అమ్మా, నాలుగు రోజుల కిరాయి బండే గిది."

"కిరాయింట్ల దిగినప్పుడు పొంగియ్యలేదా? మారేడ్‌పల్లి రూముల రెండు నెలలుంటే సుత పొంగిచ్చినం."

నీహారిక కొట్లోంచి లీటరు పాలు తెచ్చింది. దేవమ్మ ఇత్తడి గిన్నె తీసింది. బండి డ్రైవరు యేసురాజు ఒంగోలు వైపు మనిషి. అతను తల గోక్కున్నాడు.

"ఇది ఇండక్షన్ కరెంటు పొయ్యండి మామ్మగారూ. ఇత్తడి పని చెయ్యదు. స్టీలు గిన్నె ఉంటే పెట్టండి."

స్టీలు గిన్నె చిన్నది దొరికింది. "నిండ పొయ్యి, లేకుంటే ఎప్పుడు పొంగాలె?" అంది దేవమ్మ. అనుపమ గిన్నె అంచుదాకా పోసి మీట నొక్కింది. అందరూ తూర్పు ఎటో చూసుకుంటూ బయట నిలబడ్డారు. దేవమ్మ మాత్రం లోపల మంచం చివర కూర్చుంది.

పాలు అంచులకు అతుక్కుని, నురగ కట్టి, పైకి లేచాయి. ఒక్క చుక్క జారగానే మీట నొక్కి ఆపెయ్యాలి. ఆచారానికి ఆ ఒక్క చుక్క చాలు. ఇన్నేళ్లుగా ఎన్నిసార్లు పాలు కాచిందో, ఏ క్షణంలో చెయ్యి పోవాలో అనుపమకు నిద్రలో కూడా తెలుసు.

ఆ క్షణం వచ్చింది. చెయ్యి నడుం మీదే ఉండిపోయింది.

పాలు పొంగాయి. పొంగి, పొయ్యి పలక మీద పరుచుకుని, పక్కనున్న సందుల్లోంచి లోపలికి దిగాయి. చిటపటమని చప్పుడై, మాడువాసన కొట్టి, ఎర్రదీపం ఆరిపోయింది.

యేసురాజు పరుగెత్తుకొచ్చి తీగ పీకాడు. "అయ్యయ్యో! పాలు లోపలికెళ్లిపోయాయండి. ఇంక దీన్ని ముట్టుకోకండి, షాక్ కొట్టుద్ది. ఓనరు నన్ను తింటాడు."

"ఓనర్‌కు ఫోన్ కలుపు తమ్ముడూ, నేను చెప్త" అంది అనుపమ. "పొయ్యి ముంగట నిలవడ్డది నేను. తప్పు నాదే."

"సూడు, నీ మీద మాట రానియ్యద్దని తన మీదేసుకుంటుంది" అన్నాడు తిరుమల్ యేసురాజుతో, మెచ్చుకోలుగా. ఆపైన, "పరేషాన్ గాకుండ్రి. ఇంట్ల గ్యాస్ పొయ్యి ఉంది, తెస్త."

"సిలిండరెక్కితే బండి నేను తియ్యనండి" అన్నాడు యేసురాజు.

"మరి అమ్మకు అన్నం?"

అందరూ దేవమ్మ వైపు చూశారు. ఇప్పుడు ముసలమ్మ అనబోయే ఒక్క మాటతో ప్రయాణమే ఆగొచ్చు, లేదా ఈసీఐఎల్ బజారులో కొత్త పొయ్యి కొనుక్కుని బయల్దేరొచ్చు.

దేవమ్మ నేల మీద పారుతున్న పాలను చూసింది.

"తూర్పుకే పొంగినయ్. మంచిదే" అంది. "నాలుగు పొద్దులు ఇడ్లీ తింటే సస్తనా? దాంట్ల నూనెక్కడిది? దింపుండ్రి గా సామానంత."

తిరుమల్, నీహారిక పెట్టెలు ఎత్తుకుని సందులోకి నడిచారు. యేసురాజు ఓనరుకు ఫోను చెయ్యడానికి దూరంగా వెళ్లాడు. అనుపమ గుడ్డ తడిపి పాలు తుడుస్తోంది.

"నా కండ్లింక మంచిగనే కనవడ్తయ్ పిల్లా" అంది దేవమ్మ మెల్లగా. "నీ చెయ్యి కదల్లే."

గుడ్డ ఆగింది. తల ఎత్తడానికి అనుపమకు ధైర్యం చాలలేదు.

"నీ వయసుల నాకు గింత తెలివి లేకపాయె" అంది అత్త, కాళ్లు ముడుచుకుని మంచం మీద జాగా ఇస్తూ. "తుడిసింది సాలుగని, ఇట్ల రా."

అనుపమ వచ్చి మంచం అంచున కూర్చుంది. అరికాళ్లు సలుపుతున్నాయి.

"అత్తమ్మా, జెర కాళ్లు సాపుకోనా?"

"సాపుకో."